పాతికేళ్లు దాటినా జేజీ 11 చేలో ఎందుకుంది? శనగ దిగుబడి వెనకున్న జన్యువుల లెక్క

సంక్షిప్తంగా: శనగలో దిగుబడి ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. బతికిన మొక్కలు, కాయలు, గింజ బరువు, పంట కాలం అన్నీ కలిస్తేనే అది తేలుతుంది. వీటిలో కొన్ని విత్తనంతో పాటు నిలకడగా వస్తాయి, కొన్ని నేలను, ఎండను బట్టి మారిపోతాయి. దక్షిణ తెలంగాణలో ఒక రకం నిలబడుతుందా లేదా అన్నది, నేలలో తేమ అయిపోయేలోపు ఆ పంట ముగుస్తుందా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. సాగు శనగలో జన్యు వైవిధ్యం తక్కువ కావడం, విత్తనం మెల్లగా పెరగడం వల్ల కొత్త రకాలు పాతవాటిని తొందరగా పక్కకు నెట్టలేకపోతున్నాయి.

యాసంగి వచ్చిందంటే చాలు, బెట్టను తట్టుకునే కొత్త శనగ వచ్చిందనో, శనగ జన్యు పటం పూర్తయిందనో, పాతదాని కన్నా ఇంత శాతం ఎక్కువ పండుతుందనో వార్తలు వస్తాయి. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగళ్లలో చూస్తే మాత్రం 1999లో విడుదలైన శనగ రకం జేజీ 11 ఇప్పటికీ కనిపిస్తుంది. పరిశోధన అంత ముందుకు పోయినప్పుడు చేలో పాత రకమే ఎందుకుంది? రైతుకు తెలియక అనేయడం సులువు, కానీ అది తప్పు జవాబు. శనగలో దిగుబడి ఎలా తయారవుతుందో, బ్రీడర్ (కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త) చేతిలో ఉన్న ముడిసరుకు ఎంతో చూస్తే అసలు కారణాలు బయటపడతాయి.

ఎకరం దిగుబడిని విడదీసి చూస్తే

లెక్క చిన్నదే. మొక్కకు ఎన్ని కాయలు, కాయకు ఎన్ని గింజలు, గింజ బరువెంత అన్న మూడింటినీ గుణిస్తే మొక్క దిగుబడి. దాన్ని కోత నాటికి బతికి ఉన్న మొక్కలతో గుణిస్తే ఎకరం దిగుబడి.

సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి దాదాపు 1,33,000 మొక్కలు పడతాయి. జేజీ 11లో వంద గింజల బరువు సుమారు 22 గ్రాములు. మొక్కకు 30 కాయలు కాసి, కాయకు సగటున 1.2 గింజలు ఉన్నాయనుకుంటే (శనగ కాయలో ఒకటి, మహా అయితే రెండు గింజలే ఉంటాయి కాబట్టి ఈ అంకె పెద్దగా పెరగదు) మొక్కకు 36 గింజలు, అంటే 8 గ్రాములకు కాస్త తక్కువ. కాగితం మీద ఎకరానికి పది క్వింటాళ్లు దాటింది. కానీ మొలక సరిగా రాక, ఎండు తెగులు తగిలి 80,000 మొక్కలే మిగిలితే అవే కాయలతో, అదే గింజ బరువుతో ఆరు క్వింటాళ్ల చిల్లరకు పడిపోతుంది. పక్కన ఖాళీ దొరికిన మొక్క ఇంకో రెండు కొమ్మలు వేసి కొంత పూడుస్తుంది, పూర్తిగా పూడ్చలేదు.

అంటే ఎండు తెగులును తట్టుకునే జన్యువు ఒక్క కాయను కూడా పెంచకుండానే దిగుబడిని పెంచుతుంది. జేజీ 11 గెలిచింది కూడా ఒకే ఒక్క గొప్ప గుణంతో కాదు. అప్పటిదాకా ఉన్న అన్నిగేరి రకం ఎండు తెగులుకు లొంగేది, జేజీ 11 తట్టుకుంది. పైగా వంద రోజుల లోపే కోతకు వచ్చింది, గింజ కూడా కాస్త పెద్దది కావడంతో మార్కెట్లో అడిగారు. మూడూ ఒకే విత్తనంలో కలిసి రావడం మామూలుగా జరిగే పని కాదు.

గింజ సైజు పెద్దదైతే మంచిదే కదా అనిపిస్తుంది. కాబూలీ (పెద్ద తెల్ల శనగ) రకం కేఏకే 2లో వంద గింజలు 38 గ్రాముల దాకా తూగుతాయి. ధర ఎక్కువే. కానీ పైన చెప్పిన మొక్కల సంఖ్యే కావాలంటే జేజీ 11కి ఎకరానికి దాదాపు 29 కిలోల విత్తనం చాలితే కేఏకే 2కి 50 కిలోలు పోయాలి. అదీకాక మొక్క తయారుచేసుకునే ఆహారం అంతే కాబట్టి గింజ పెరిగితే కాయల సంఖ్య తగ్గడం చాలా రకాల్లో చూస్తున్నదే. ఒకదాన్ని లాగితే ఇంకోటి జారుతుంది. దిగుబడిని పెంచడం కష్టం కావడానికి మొదటి కారణం ఇదే.

గింజ బరువు నమ్మకంగా వస్తుంది, కాయల సంఖ్య రాదు

చేలో రెండు మొక్కల మధ్య తేడా కనిపిస్తే అది జన్యువుల వల్లా, నేల వల్లా అన్నది చూడగానే తెలియదు. ఒకే స్వచ్ఛమైన రకం వేసిన చేలో గట్టు పక్క మొక్కకు యాభై కాయలు, నడుమ మొక్కకు ఇరవై ఉన్నాయంటే ఆ తేడాలో జన్యువుల పాత్ర దాదాపు ఏమీ లేదు. యాభై కాయల మొక్క గింజలు దాచి మరుసటి ఏడాది వేసినా అదే సగటు వస్తుంది. బాగున్న మొక్కలను ఏరి దాచుకునే పద్ధతి దేశవాళీ మిశ్రమ విత్తనంలో పనిచేసింది, ఎందుకంటే అక్కడ మొక్కకూ మొక్కకూ జన్యువుల్లోనే తేడా ఉండేది. విడుదలైన శుద్ధ రకంలో ఆ తేడా ఉండదు.

రకాల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంతో చెప్పే కొలతే అనువంశికత. శనగలో వంద గింజల బరువుకు ఈ వాటా బాగా ఎక్కువ. పెద్ద గింజ రకం ఎక్కడ వేసినా దాదాపు పెద్ద గింజే ఇస్తుంది. పూతకొచ్చే రోజులకూ ఈ వాటా ఎక్కువే. కాయల సంఖ్య దగ్గరకొచ్చేసరికి నేల, తేమ, విత్తిన తేదీ వాటా పెరుగుతుంది. అన్నీ కలిసిన చివరి దిగుబడిలో జన్యువుల వాటా ఇంకా తగ్గుతుంది. ఒక పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. దిగుబడితో ఎక్కువ సంబంధం ఉన్నది కాయల సంఖ్య, మొక్క మొత్తం బరువు. ఎంపిక చేయడానికి సులువుగా లొంగేది మాత్రం గింజ బరువు. బ్రీడర్ మొదటి తరాల్లోనే పెద్ద గింజల మొక్కలను ధైర్యంగా ఏరగలడు. ఎక్కువ కాయలున్న మొక్కను ఏరితే అది నిజంగా గొప్ప మొక్కో, దాని కింద తేమ కాస్త ఎక్కువుందో తెలియదు. అందుకే దిగుబడి కోసం చేసే ఎంపికను వెనక్కి జరిపి, వరసలు (ఒక్కో మొక్క నుంచి తీసిన సంతతులు) స్థిరపడ్డాక, చాలా చోట్ల, మళ్లీ మళ్లీ వేసి, కొన్నేళ్ల సగటు తీసి తేలుస్తారు.

ఇంత చేశాక కూడా ఒక చోట మొదటి స్థానంలో వచ్చిన రకం ఇంకో చోట మామూలుగా ఉండొచ్చు. నంద్యాల లోతు రేగడిలో గెలిచింది నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం ప్రాంతీయ పరిశోధన స్థానం చుట్టుపక్కల తేలిక నేలల్లో గెలవాలని లేదు. ఇది పరీక్షల్లో పొరపాటు కాదు, జన్యువు ఒక్కో నేలలో ఒక్కోలా పలకడం. వార్తలో వచ్చే శాతం ఏ నేలలో, ఏ తేదీన విత్తి, దేనితో పోల్చి చెప్పిందో అడగకపోతే ఆ అంకెకు అర్థం లేదు. కొన్నిసార్లు అది తన తల్లి రకంతోనే, అదీ తడి ఇవ్వని పొలంలో పోల్చిన అంకె. తల్లి రకమే ఇక్కడ సాగులో లేకపోతే ఆ శాతం ఈ ప్రాంతానికి చెప్పేది చాలా తక్కువ.

పంట కాలం కుదిరాకే శనగ ఇటు నిలబడింది

ఒకప్పుడు దేశంలో శనగ ఎక్కువగా ఉత్తరాది పంట. 1960ల తర్వాత కాలువలు, బోర్లు, గోధుమ వచ్చి పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు దాదాపు 40 లక్షల హెక్టార్ల శనగ పోయింది. పంట మధ్య భారతానికి, దక్షిణానికి జరిగింది. కానీ ఉత్తరాది విత్తనం తెచ్చి ఇక్కడ వేస్తే కుదరలేదు.

శనగ స్వతహాగా పగటి నిడివి పెరిగితే త్వరగా పూసే మొక్క. ఉత్తరాదిలో పంట నూట నలభై, నూట యాభై రోజులు నిలబడుతుంది కాబట్టి పూత ఆలస్యమైనా ఫిబ్రవరి, మార్చిలో పగలు పెరిగేసరికి పుంజుకుంటుంది. అలంపూర్ దగ్గర అలా ఆగే వీలు లేదు. వానాకాలం ముగిశాక నల్లరేగడిలో మిగిలిన తేమే పంట మొత్తానికి ఆధారం, అక్టోబరులోనో నవంబరు మొదట్లోనో గొర్రుతో విత్తితే జనవరి చివరికి నేల నెర్రెలిస్తుంది, ఫిబ్రవరిలో ఎండ ముదురుతుంది. పగలు పెరిగేదాకా పూతకు ఆగే మొక్క ఆకులు, కొమ్మలు బాగా వేసి, కాయలో గింజ ఊరే సమయానికి నీళ్లు లేక ఎండిపోతుంది. పచ్చగా ఏపుగా ఉన్న చేను తాలు కాయలతో ముగియడం ఇలాగే జరుగుతుంది.

దీన్ని మార్చింది తొందరగా పూసే జన్యువులు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన కాబూలీ రకం ఐసీసీవీ 2 సుమారు 85 రోజుల్లో కోతకు వస్తుంది, 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘శ్వేత’ పేరుతో విడుదలైంది. దాని సంతతిలో పుట్టిన ఐసీసీవీ 96029 ఇంకా తొందర. ఆ తొందరకు కారణం 2017లో జన్యువు స్థాయిలో దొరికింది. మొక్క పగటి నిడివిని గుర్తించే ఏర్పాటులో భాగమైన ఒక జన్యువులో 11 డీఎన్‌ఏ అక్షరాలు లేవు. డీఎన్‌ఏను కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. 11 అక్షరాలు పోతే ఆ తర్వాత చదివేదంతా పక్కకు జరిగి ప్రోటీన్ సరిగా తయారవదు, పగలు ఎంతుందన్న అడ్డు తొలగిపోయి మొక్క పూతకు దిగుతుంది. జన్యువు పాడైనందుకు లాభం వచ్చిన ఉదాహరణ ఇది. ఇలాంటి తొందర పూత జన్యువులు శనగలో ఇంకా కొన్ని ఉన్నాయి.

అయితే తొందర ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. మరీ ముందే పూసిన మొక్క ఒళ్లు పెంచుకోదు, కాయలు పట్టడానికి కొమ్మలే ఉండవు. తేమ బాగా దాచుకునే లోతు రేగడిలో 85 రోజుల రకం వేస్తే చివరి రెండు వారాల తేమ వృథా అవుతుంది. ఇక్కడి నేలలకు తొంభై నుంచి నూరు రోజుల మధ్య రకాలు బాగా కుదిరాయి, జేజీ 11 సరిగ్గా ఆ మధ్యలో పడింది. తొందర రకాలు, వాటికి తోడు ఎండు తెగులు నిరోధం వచ్చాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి పదేళ్లలో శనగ ఉత్పత్తి దాదాపు తొమ్మిది రెట్లు పెరిగింది. హెక్టారు దిగుబడి 600 కిలోల లోపు నుంచి 1,400 కిలోల దాకా పోయింది. కర్నూలు, ప్రకాశం జిల్లాల రేగళ్లు దీనికి ముందు నిలిచాయి, తుంగభద్రకు ఇవతలి ఒడ్డున ఉన్న అలంపూర్ నేలలూ కర్నూలు నేలల లాంటివే.

అక్కడ జరిగిందేమిటో గమనించాలి. అది దిగుబడి జన్యువు అంటూ ఒకటి దొరికి పెరిగిన పంట కాదు, మొక్క కాలం నేల కాలంతో కలిసి పెరిగిన పంట.

వైవిధ్యం ఎక్కడ సన్నబడింది

ఏ రకాన్ని తయారుచేయాలన్నా తల్లిదండ్రుల్లో తేడా ఉండాలి. తేడా లేని చోట ఎన్నిసార్లు సంకరం చేసినా కొత్తది పుట్టదు. శనగ ఈ విషయంలో పేద పంట, దానికి చరిత్రలోనే కారణాలున్నాయి.

సాగు శనగకు తల్లి అనదగిన అడవి జాతి సైసర్ రెటిక్యులేటమ్ ఆగ్నేయ టర్కీలో ఒక చిన్న ప్రాంతంలోనే పెరుగుతుంది. గోధుమ, బార్లీల అడవి బంధువులకు ఉన్నంత విస్తారం దీనికి లేదు. పదివేల ఏళ్ల కిందట దాన్నుంచి కొన్ని మొక్కలే సాగులోకి వచ్చాయి, మొదటి వడపోత అది. తర్వాత పశ్చిమాసియాలో చలికాలపు వానల్లో వచ్చే తెగుళ్లకు భయపడి శనగను వసంతానికి మార్చారు, చలి తగలకుండానే పూసే మొక్కలు మాత్రమే మిగిలాయి. ఆ మార్పు లేకపోతే శనగ మన దాకా వచ్చేదే కాదు, కానీ దాంతో చాలా జన్యు రూపాలు వెనకే ఉండిపోయాయి. ఇక గత వందేళ్లలో ఊరూరా ఉన్న దేశవాళీలు పోయి కొన్ని మేలు రకాలే మిగిలాయి, ఆ మేలు రకాలు కూడా తరచూ అవే తాతముత్తాతల సంతానం. దీనికి తోడు శనగ స్వపరాగ సంపర్క పంట, పువ్వు విచ్చుకునే లోపే లోపల ఫలదీకరణ అయిపోతుంది, కాబట్టి చేలకు చేలకు మధ్య జన్యువులు వాటంతట అవి కలవవు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో (విత్తన నమూనాలు దాచే చోటు) ఇరవై వేలకు పైగా శనగ నమూనాలు ఉన్నాయి. అన్నిటినీ పొలంలో పెట్టి పరీక్షించడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ఆ మొత్తం వైవిధ్యానికి ప్రతినిధులుగా 211 నమూనాల చిన్న సమూహాన్ని 2001లో ఏరారు. వేర్లు, ఉప్పు, ఎండ, తెగుళ్లు, ఏ గుణం వెతకాలన్నా ముందు అందులో వెతుకుతారు. 2013లో శనగ జన్యుక్రమం వచ్చింది, దాదాపు 28,000 జన్యువులు లెక్క తేలాయి. 2021లో 3,366 శనగల జన్యుక్రమాలను పోల్చిన పటం వచ్చింది, అందులో 195 అడవి రకాలు. ఏ నమూనాలో ఏ జన్యువు ఉంది, ఏది లేదు అన్నదే కాదు, మొక్కకు చేటు చేసే జన్యు రూపాలు ఎక్కడ పోగుపడి ఉన్నాయో కూడా అందులో తేలింది. మంచివి చేర్చడంతో పాటు చెడ్డవి తీసేయడం కూడా దిగుబడిని పెంచే దారే అన్నది ఆ పనిలో ముఖ్యమైన మాట.

ఇంత చేసినా కొన్ని గుణాలకు సరైన మూలమే దొరకలేదు. శనగపచ్చ పురుగు సంగతే చూడండి. ఆకుల మీద ఊరే పుల్లటి ఆమ్లాలు కొంత ఆపుతాయి, తొందర రకం పురుగు ఉధృతిని కొంత తప్పించుకుంటుంది, అంతకు మించి గట్టిగా నిలబడే నిరోధం సాగు శనగలో లేదు. అడవి జాతుల్లో కొంత కనిపించినా వాటిలో చాలా వాటితో సాగు శనగకు సంకరం కుదరదు. అందుకే అన్ని కొత్త రకాలు వచ్చినా మందు కొట్టే ఖర్చు తగ్గలేదు.

లోతైన వేరు, లోతు లేని నేల

వార్తల్లో ఎక్కువగా వినిపించే పేరు ఐసీసీ 4958. బెట్టకు నిలబడే శనగగా చాలాకాలంగా పేరున్న రకం, వేరు వ్యవస్థ పెద్దది. దీని డీఎన్‌ఏలో నాలుగో అనుసంధాన సమూహం (ఒక క్రోమోజోముకు సరిపోయే జన్యువుల వరుస) మీద ఒక చిన్న ప్రాంతంలో వేరు బరువు, మొక్క తొలి ఎదుగుదల, గింజ బరువు లాంటి చాలా గుణాలను నడిపించే జన్యువులు గుంపుగా దొరికాయి. ఆ ముక్కను డీఎన్‌ఏ గుర్తులతో వెంబడించి, ఇతర రకాల్లోకి మార్చారు. 2019లో వచ్చిన పూసా 10216, తర్వాత జేజీ 16లోకి దీన్ని చేర్చి తయారుచేసిన పూసా జేజీ 16 అలా పుట్టినవే. జేజీ 11లోకి కూడా ఆ ముక్కను చేర్చే పని జరిగింది. ఈ పద్ధతిలో మంచి సంగతి ఏంటంటే పాత రకంలో రైతు మెచ్చిన గుణాలు దాదాపు అలాగే ఉండి, కావలసిన ముక్క మాత్రం మారుతుంది. కర్ణాటకలో రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి 2019లో తెచ్చిన సూపర్ అన్నిగేరి 1 కూడా ఇదే దారి, అక్కడ చేర్చింది ఎండు తెగులు నిరోధం.

మరి ఐసీసీ 4958 వేరు దక్షిణ తెలంగాణలో ఎంత పనికొస్తుంది? ఇది నేల లోతును బట్టి ఉంటుంది, ఈ మాట వార్తల్లో పెద్దగా రాదు. మీటరు లోతు దాటిన రేగడిలో కింద తేమ ఉంటుంది, వేరు దాన్ని అందుకుంటే కాయ ఊరే రోజుల్లో ప్రతి తడీ గింజగా మారుతుంది. రెండడుగుల కింద గరుసో రాయో తగిలే చోట లోతు వేరుకు దొరికేదేమీ లేదు. పైగా తొలి రోజుల్లో బలంగా ఎదిగే మొక్క పెద్ద ఆకులతో నీళ్లూ ఎక్కువ తాగుతుంది, తక్కువ తేమ ఉన్న నేలలో అది కాయ దశకు ముందే సరుకు ఖాళీ చేసుకునే ప్రమాదం ఉంది. అక్కడ మెల్లగా తాగి, తొందరగా ముగించే రకమే మేలు. బెట్టను తట్టుకోవడం అనేది ఒకే గుణం అనుకోవడం వల్లే విత్తనం ఎంపికలో తప్పులు జరుగుతాయి. గద్వాల, అలంపూర్ లోతు రేగడి రైతుకూ నల్లగొండ వైపు చెల్క, గరుసు నేలల రైతుకూ ఒకే సలహా సరిపోదు.

శనగలో హైబ్రిడ్ ఎందుకు లేదంటే

మక్క, పత్తి, మిరపలో హైబ్రిడ్లు ఉన్నప్పుడు శనగలో ఎందుకు తేలేదని చాలామంది అడుగుతారు. నడిగడ్డలో (కృష్ణా, తుంగభద్రల నడుమ గద్వాల ప్రాంతం) సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ పత్తి విత్తనం చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పత్తిలో సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం తీసేసి, మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రాస్తే, ఆ ఒక్క క్రాసింగుకు ఒక కాయ, అందులో పాతిక ముప్ఫై గింజలు వస్తాయి. శనగ మొగ్గ కందిగింజంత, దాన్ని పట్టకారుతో విప్పి పది కేసరాలు తీయాలి, చాలా పువ్వులు ఆ దెబ్బకే రాలిపోతాయి. నిలిచిన పువ్వుకు ఒక గింజ, లేదా రెండు. ఎకరానికి లక్షకు పైగా గింజలు కావాల్సిన పంటలో ఆ లెక్కన విత్తనం తయారుచేసి అమ్మడం కుదరదు.

కాబట్టి శనగలో సంకరం బ్రీడర్ పొలంలోనే ఆగుతుంది. అక్కడ దొరికిన కొద్ది గింజల నుంచి తరం తర్వాత తరం వేసి ఏడెనిమిది తరాలకు స్థిరమైన వరసలు తీస్తారు. మామూలుగా ఏడాదికి ఒకటో రెండో తరాలు వస్తాయి. దీపాల వెలుగులో పగటి నిడివిని పెంచి, వేడిని అదుపులో పెట్టి ఏడాదికి ఆరు తరాల దాకా తీసే పద్ధతి ఇప్పుడు వచ్చింది, దాంతో ముందు దశ బాగా తగ్గుతుంది. పొలం పరీక్షలకు పట్టే ఏళ్లు మాత్రం అలాగే ఉంటాయి, వాటిని దీపాలతో తొందరపెట్టలేం.

దీనికి ఇంకో వైపు ఉంది. శనగ విత్తనాన్ని రైతు మూడు నాలుగేళ్లు తన పంట నుంచే దాచుకోవచ్చు, గుణాలు చెడవు. రైతుకు అది మేలు. ఏటా విత్తనం అమ్ముడుపోని పంట మీద ప్రైవేటు కంపెనీలకు ఆసక్తి ఉండదు, అందుకే శనగలో రకాలు తయారుచేసేదీ, మొదటి విత్తనం ఇచ్చేదీ దాదాపు అంతా ప్రభుత్వ సంస్థలే.

విత్తనం పెరిగే వేగం

జేజీ 11 ఇంకా ఎందుకుందన్న ప్రశ్నకు సగం జవాబు జన్యువుల్లో ఉంటే మిగతా సగం ఇక్కడుంది. క్వింటా బ్రీడర్ విత్తనంతో (రకం తయారుచేసిన సంస్థ ఇచ్చే మొదటి విత్తనం) మూడు ఎకరాల చిల్లర విత్తొచ్చు. ఎకరానికి ఆరు క్వింటాళ్ల చొప్పున ఇరవై క్వింటాళ్ల ఫౌండేషన్ (రెండో దశ) విత్తనం వస్తుంది. దాన్నుంచి ఇంకో యాసంగికి రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనం నాలుగు వందల క్వింటాళ్లు. రెండేళ్లు పోయాక అది పదమూడు వందల ఎకరాలకు సరిపోతుంది, అంతే. కాబూలీలో ఎకరానికి 50 కిలోలు పోతాయి కాబట్టి వేగం ఇంకా సగానికి దగ్గరగా పడిపోతుంది. అదే వరిలో ఎకరానికి పాతిక కిలోల విత్తనం పోసి పాతిక క్వింటాళ్లు తీస్తారు, ఒక్కసారికి వంద రెట్లు. పైగా సాగర్ ఆయకట్టులో ఏడాదికి రెండు పంటలు. నల్లగొండలో వరి రకం మూడు నాలుగేళ్లలో మారిపోతే, శనగ రకం మారడానికి పదేళ్లు పట్టడం ఈ లెక్క వల్లే.

ఇంత ఆలస్యాన్ని దాటి రైతు రకం మార్చాలంటే కొత్తది కాస్త మెరుగ్గా ఉంటే చాలదు, కళ్లకు కనిపించే లాభం ఉండాలి. అలాంటి లాభం ఒకటి మిషన్ కోత. జేజీ 11 మొక్క పొట్టిగా, పక్కలకు పరుచుకుని ఉంటుంది, కింది కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి, కంబైన్ బ్లేడు అంత కిందికి దిగదు. నంద్యాల పరిశోధన స్థానం తెచ్చిన ఎన్‌బీఈజీ 47, అంటే ధీర, నిటారుగా పొడవుగా పెరిగి కాయలు పైన పట్టేలా ఎంపిక చేసిన రకం. కూలీలు దొరకని చోట దీని విలువ క్వింటాళ్లలో కాదు, కోత ఖర్చులో కనిపిస్తుంది. నిటారు మొక్కకు పక్క కొమ్మలు తక్కువ కాబట్టి మొక్కలు దగ్గరగా ఉండాలి, విత్తన మోతాదు తగ్గిస్తే పరుచుకునే రకంలా ఖాళీని పూడ్చదు. ఈ ఒక్క విషయం తెలియక కొత్త రకం పండలేదని వదిలేసే ప్రమాదం ఉంది.

వరి కోసిన మడిలో శనగ

ఇప్పుడు అసలైన పరీక్ష నల్లగొండ, సూర్యాపేట వైపు ఉంది. యాసంగి వరికి నీళ్లు అనుమానంగా ఉన్న ఏడాది, ముఖ్యంగా కాలువ చివరి భూముల్లో, వానాకాలం వరి కోసిన మడిలో శనగ వేయమన్న సలహా తరచూ వినిపిస్తుంది. నీటి లెక్కన అది సబబే. శనగ గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టుకుంటుంది, తర్వాతి వరికీ మేలు. కానీ వరి కోత నవంబరు దాటి, మడి ఆరి దున్నేసరికి డిసెంబరు వస్తుంది. డిసెంబరు రెండో వారంలో విత్తితే పూత జనవరి చివర్లో, గింజ ఊరేది ఫిబ్రవరి చివర నుంచి మార్చిలోకి. అప్పటికి పగటి ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ముందు దెబ్బతినేది పుప్పొడి. పువ్వు పచ్చగానే ఉంటుంది, పుప్పొడి మొలకెత్తదు, కాయ పట్టదు.

ఆలస్యంగా విత్తడానికి జేజీ 14 ఉంది, వేడిని తట్టుకునే రకంగా ఎంపిక చేసిందే. దాని అసలు పేరు ఐసీసీవీ 92944, ఆలస్యంగా విత్తిన పొలాల్లో, అంటే కావాలని వేడికి గురిచేసి చేసిన ఎంపికల్లో ఇలాంటి రకాలు బయటపడతాయి. సకాలంలో విత్తిన పొలంలోనే పరీక్షించి ఉంటే వీటి గొప్పతనం కనిపించేది కాదు. అయినా వేడి ఒక్కటే సమస్య కాదు. దమ్ము చేసిన మడి ఆరితే అడుగున గట్టి పొర ఉంటుంది, శనగ వేరు దాన్ని చీల్చుకుని పోలేదు. నేల వేడెక్కి, తేమ తగ్గిన చోట ఎండు వేరుకుళ్లు (ఎండు తెగులు కాదు, వేరును కుళ్లబెట్టే వేరే తెగులు) విజృంభిస్తుంది. ఎండు తెగులుకు గట్టి నిరోధ జన్యువులు దొరికాయి, రకాల్లోకి చేరాయి. ఎండు వేరుకుళ్లుకు అలాంటి బలమైన మూలం సాగు శనగలో కనిపించలేదు, వేడి పెరిగే కొద్దీ దక్షిణాదిలో దాని బెడద పెరుగుతోంది.

అంటే వరి మడికి కావలసిన శనగలో తొందర, పుప్పొడికి వేడిని ఓర్చే బలం, ఎండు వేరుకుళ్లు నిరోధం మూడూ కలిసి ఉండాలి. మొదటి రెండూ ఇప్పటికే రకాల్లో ఉన్నాయి, మూడోదాని కోసం జన్యు బ్యాంకులోనూ అడవి బంధువుల్లోనూ వెతకాలి. అది దొరికేదాకా ఆయకట్టు చివరి రైతుకు శనగ వేయమని చెప్పేవాళ్లు, అక్టోబరు రేగడిలో వచ్చిన క్వింటాళ్లను కాకుండా డిసెంబరు మడిలో వచ్చే క్వింటాళ్లనే లెక్క చెప్పాలి.